కోట్ ఆఫ్ ఆర్మ్స్‌లో కోటు ఎక్కడిది? మన మూడు సింహాల్లో డాలు ఎక్కడ?

మీరు ఉత్తరంలో ఒకే ప్రశ్నలో నాలుగు అడిగారు. జెండా ఉండగా దేశానికి మళ్ళీ మూడు సింహాల లాంటి చిహ్నం దేనికి? ఇంగ్లిష్‌లో దాన్ని ‘కోట్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు కదా, కోటుకీ ఆయుధాలకీ దేశానికీ ఏమిటి సంబంధం? మన మూడు సింహాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మీ కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద అవి వేయించుకోవచ్చా? చివరిదానికి ఒక్క ముక్కలో జవాబు: వేయించుకోకూడదు. ఎందుకో చివర్లో చెప్తాను. మిగతా మూడిటికి కాస్త ఓపిక పట్టాలి.

నాకు ఈ సంగతులు రెండు దారుల్లో తెలిశాయి. ముప్పై ఏళ్ళకు పైగా ప్రింటింగ్ ప్రెస్సు నడిపాను, ట్రెడిల్ మెషిన్, జింకు బ్లాకుల రోజుల నుంచి ఆఫ్‌సెట్ దాకా. లెటర్‌హెడ్లు, కవర్లు, రశీదు పుస్తకాలు మా తిండి. రెండోది పాత నాణేల పిచ్చి. నాణెం మీద బొమ్మ ఏమిటో తెలుసుకుందామని మొదలుపెడితే అది రాగి శాసనాల ముద్రల దాకా, అక్కడి నుంచి యూరప్ డాళ్ళ దాకా లాక్కెళ్ళింది.

ముందు జెండా సంగతి. జెండా దూరం నుంచి కనబడాలి, గాలికి ఎగరాలి, పిల్లవాడు కూడా గీయగలగాలి. చిహ్నం పని వేరు. అది సంతకం లాంటిది. పాస్‌పోర్టు అట్ట మీద, కరెన్సీ నోటు మీద, ప్రభుత్వ ఉత్తర్వు నెత్తిన అది ఉందంటే ‘ఈ మాట ఫలానా వ్యక్తి చెప్పింది కాదు, రాజ్యం చెప్పింది’ అని అర్థం. అందుకే 2002 జనవరి 26 నుంచి మన దేశంలో ఏ పౌరుడైనా ఏ రోజైనా జెండా ఎగరేసుకోవచ్చు గానీ, మూడు సింహాలు మాత్రం ఎవరు పడితే వాళ్ళు వేసుకోవడానికి లేదు. జెండా మీ సొంతం కూడా. ముద్ర మాత్రం ఆఫీసుది. తహసీల్దారు గారి సంతకం మీరు పెట్టకూడదు కదా, ఇదీ అంతే.

ఇక ‘కోటు’. దీని పుట్టిల్లు పన్నెండో శతాబ్దపు పశ్చిమ యూరప్. గొలుసుల కవచం, ముఖాన్ని కప్పేసే శిరస్త్రాణం వచ్చాక యుద్ధంలో ఎవరెవరో గుర్తుపట్టడం కష్టమైపోయింది. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో, ఇంగ్లండ్ మీదికి దండెత్తిన నార్మండీ విలియం చనిపోయాడని పుకారు లేస్తే, ఆయన తన శిరస్త్రాణం పైకెత్తి సైనికులకు ముఖం చూపించాడు. బేయూ ఊళ్ళో దాచిన పొడవాటి కుట్టుపని గుడ్డ మీద ఆ దృశ్యం ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పటికి డాళ్ళ మీద బొమ్మలు ఉన్నాయి గానీ ఫలానా బొమ్మ ఫలానా కుటుంబానిదే అన్న పద్ధతి లేదు. తర్వాతి వందేళ్ళలో ఆ పద్ధతి వచ్చింది. డాలు మీద బొమ్మ తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా దిగడం మొదలైంది. కవచం మీద ఎండ పడకుండా వేసుకునే పొడవాటి గుడ్డ చొక్కా మీద కూడా అదే బొమ్మ కుట్టించుకునేవారు. ఆ చొక్కాయే కోటు, ‘ఆర్మ్స్’ అంటే డాలు మీది గుర్తులు. చొక్కా పోయింది, పేరు మిగిలింది.

ఈ గుర్తులన్నీ గుర్తుంచుకునే ఉద్యోగం ఒకటి పుట్టింది. వాళ్ళను హెరాల్డ్‌లు అంటారు. పోటీల్లో ఏ వీరుడు వస్తున్నాడో ప్రకటించేవాళ్ళు వాళ్ళే, ఎవరి గుర్తు ఎవరిదో చిట్టా రాసేవాళ్ళూ వాళ్ళే. మన వందిమాగధులకీ గ్రామ కరణానికీ కలిపి ఒకే కుర్చీ వేసినట్టన్నమాట. లండన్‌లో మూడో రిచర్డ్ 1484లో వాళ్ళకో సంస్థ పెట్టాడు, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని. ఈరోజుకీ పనిచేస్తోంది, ఈరోజుకీ ఫీజు తీసుకుని కొత్త గుర్తులు ఇస్తోంది.

ప్రింటరుగా నాకు ముద్దొచ్చేవి వాళ్ళ రంగుల నియమాలు. బంగారం, వెండి అని రెండు లోహాలు (పసుపు, తెలుపు అనుకోండి). ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు. అంటే తెలుపు మీద పసుపు, నీలం మీద నలుపు కుదరవు. దూరం నుంచి కనబడదు కాబట్టి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట గుర్రం మీద ఉన్నవాడికి తెలిసిన ఈ చిన్న విషయం, ఇప్పుడు పసుపు ఫ్లెక్సీ మీద తెల్లక్షరాలు వేయమని పట్టుబట్టేవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు. ఒకే రంగు సిరాతో అచ్చువేసేటప్పుడు ఏం చేయాలో కూడా పదిహేడో శతాబ్దంలోనే తేల్చుకున్నారు: నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డగీతలుంటే నీలం, చుక్కలుంటే బంగారం, ఖాళీగా వదిలితే వెండి.

ఇంకొక్క తేడా గమనించండి, తర్వాత పనికొస్తుంది. యూరప్ పద్ధతిలో అసలు గుర్తు బొమ్మ కాదు, మాటలు. ‘ఎర్ర డాలు మీద ఒకదాని కింద ఒకటి నడుస్తున్న మూడు బంగారు సింహాలు’ అని రాసి ఉంటే చాలు. సింహం ఎంత లావు, తోక ఎటు మెలిక అనేది చిత్రకారుడి ఇష్టం. ఇద్దరు వేసిన బొమ్మలు ఒకేలా లేకపోయినా రెండూ అసలువే.

ఆ మూడు సింహాలు ఎవరివో తెలుసు కదా? ఇంగ్లండ్‌వి. మొదటి రిచర్డ్ 1198లో వాడిన ముద్రలోనే కనిపిస్తాయి. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీద ఇప్పటికీ అవే. మనవీ మూడు సింహాలే కాబట్టి తెల్లవాళ్ళ దగ్గర నుంచి తెచ్చుకున్నామని ఎవరో అన్నారని రాశారు మీరు. అది తప్పు. వాళ్ళవి పక్కకు నడుస్తూ మన వైపు మొహం తిప్పే సింహాలు, మొత్తం మూడే. మనవి వీపులు ఆనించి కూర్చున్న నాలుగు.

డాలు మీద గుర్తు ఆస్తి అని చెప్పాను. ఆస్తి అంటే తగాదా కూడా. మూడో ఎడ్వర్డ్ 1340లో ఫ్రాన్స్ సింహాసనం నాదేనంటూ ఫ్రెంచి రాజుల తామర లాంటి పూలను తన డాలు మీద వేసుకున్నాడు. వందేళ్ళ యుద్ధం చేసి ఓడిపోయారు, 1558లో ఫ్రాన్స్‌లో మిగిలిన చివరి ఊరు కలే కూడా పోయింది. పూలు మాత్రం డాలు మీద నుంచి 1801 దాకా పోలేదు! గెలవని కోర్టు కేసు కాగితం నాలుగు వందల అరవై ఏళ్ళు గోడకు వేలాడదీసుకున్నట్టు. స్కాట్లండ్ రాజు జేమ్స్ 1603లో ఇంగ్లండ్‌కీ రాజయ్యాక డాలుకు అటు సింహం, ఇటు స్కాట్లండ్ ఒంటికొమ్ము గుర్రం నిలబడ్డాయి. ఇప్పటికీ లండన్‌లో వాడే బొమ్మలో కిరీటం సింహానిది. స్కాట్లండ్‌లో వాడే బొమ్మలో రెండూ చోటు మార్చుకుంటాయి, ఒంటికొమ్ము గుర్రానికీ కిరీటం ఉంటుంది. మర్యాద విషయంలో స్కాట్లండ్ వాళ్ళు వెనక్కి తగ్గలేదు.

మరి మన వైపు? మనకు డాలు మీద కుటుంబ గుర్తు వేసి తరతరాలకు అప్పజెప్పే పద్ధతి లేదు. మనకున్నది లాంఛనం (అంటే రాజవంశం గుర్తు), ముద్ర. వేంగి చాళుక్యుల రాగి శాసనాలు మ్యూజియంలో చూసే ఉంటారు. రేకులకు చిల్లు పొడిచి, ఒక కడియంలాంటి తీగ దూర్చి, దాని రెండు కొసలూ కలిపి ఒక ముద్దలో బిగించి, ఆ ముద్ద మీద రాజముద్ర కొట్టేవారు. వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, చాలావాటి మీద ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు. కడియం తెగకుండా రేకు మార్చడానికి వీల్లేదు. అంటే దొంగ దస్తావేజు పుట్టకుండా కాపాడేది ఆ ముద్ర. యుద్ధంలో ముఖం గుర్తుపట్టడానికి పుట్టింది వాళ్ళ డాలు. దానం ఇచ్చిన పొలం మీద రేపు తగువు రాకుండా పుట్టింది మన ముద్ర. నా లెక్కలో అసలు తేడా ఇదే. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

పల్లవులకు ఎద్దు, చోళులకు పులి, పాండ్యులకు చేప, మన విష్ణుకుండినులకు సింహం, చాళుక్యులకూ కాకతీయులకూ వరాహం, విజయనగరం వాళ్ళకు వరాహంతో పాటు కత్తి, సూర్యచంద్రులు. ఆ వరాహం మన నోట్లో ఇంకా బతికే ఉంది. వరాహం గుర్తున్న బంగారు నాణేన్ని వరహా అన్నాం. తర్వాత నాణెం మీద పంది బొమ్మ పోయి వేరే దేవుళ్ళు వచ్చినా, కృష్ణదేవరాయల నాణెం మీద బాలకృష్ణుడు కూర్చున్నా, పేరు మాత్రం వరహాయే. ‘వరహాల మూట’, ‘వరాల కొండ, వరహాల కొండ’ అనేటప్పుడు ఒక పాత రాజచిహ్నం పేరు పలుకుతున్నామని ఎవరికీ గుర్తుండదు. రాజముద్ర చివరికి డబ్బుకు పేరైపోయిన సందర్భం ఇంతకంటే చక్కనిది నాకు దొరకలేదు.

యూరప్ డాలు మన దేశంలోకి గుంపుగా దిగింది 1877లో. విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తినిగా ప్రకటించడానికి ఆ ఏడాది జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టాడు. వచ్చిన సంస్థానాధీశులకు తలా ఒక పట్టు జెండా ఇవ్వాలి, దాని మీద తలా ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉండాలి. కొందరికి పాత లాంఛనాలు ఉన్నాయి, యూరప్ తరహాలో డాలు చాలామందికి లేదు. బెంగాల్ సివిల్ సర్వీసులో ఉన్న రాబర్ట్ టేలర్ అనే అధికారి కూర్చుని వరసగా తయారుచేశాడు. మన గుర్తులు తీసుకుని వాళ్ళ ఫ్రేములో బిగించాడు: మధ్యలో డాలు, అటూ ఇటూ రెండు జంతువులు, పైన శిఖ (నెత్తిన పెట్టే అలంకారం), కింద రిబ్బను మీద సూక్తి. మోస్తే భుజం పడిపోయేంత బరువున్న జెండాలట అవి. కర్ణాటక ప్రభుత్వ చిహ్నం చూడండి: ఎర్ర డాలు మీద రెండు తలల తెల్లని పక్షి గండభేరుండం, అటూ ఇటూ ఏనుగు తల, సింహం ఒళ్ళు ఉన్న రెండు జంతువులు. మైసూరు రాజుల నుంచి వచ్చింది. పక్షి మనదే, ఫ్రేము వాళ్ళది. కేరళ చిహ్నంలో రెండు ఏనుగులు తిరువాన్కూరు శంఖానికి కాపలా కాస్తూ ఉంటాయి, అదీ ఆ బాపతే.

హైదరాబాద్ సంగతి వదిలేస్తే మా ఊరి మిత్రుడొకాయన ఊరుకోడు. నిజాం పసుపు జెండా మధ్యలో తెల్లటి గుండ్రం ఉంటుంది. అది కుల్చా రొట్టె అని చెప్పుకుంటారు. మొదటి నిజాం ఒక సూఫీ సాధువు దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడని, ఏడు తరాలు ఏలతావని ఆయన దీవించాడని కథ. కథ నిజమో కాదో గానీ, ప్రపంచంలో పులులు, డేగలు, కత్తులు పెట్టుకునే చోట రొట్టె పెట్టుకున్న రాజ్యం అనిపించుకోవడం మన హైదరాబాద్‌కే చెల్లింది.

ఇప్పుడు మన సింహాల పుట్టిల్లు, కాశీ పక్కనున్న సారనాథ్. 1904–05 చలికాలంలో ఫ్రెడరిక్ ఓర్టెల్ అనే ప్రజా పనుల శాఖ ఇంజనీరు అక్కడ తవ్వకాలు చేయించాడు. పుట్టుకతో జర్మన్. క్రీస్తుపూర్వం 250 ప్రాంతంలో అశోకుడు నిలబెట్టిన స్తంభం అక్కడ విరిగిపడి ఉంది, దాని తలభాగం దాదాపు ఏడడుగుల ఎత్తున, అద్దంలాంటి నునుపుతో బయటపడింది. చునార్ ఇసుకరాయి. ఇప్పుడు సారనాథ్ మ్యూజియంలో గుమ్మం దాటగానే ఎదురుగా ఉంటుంది. వెళ్ళినప్పుడు దాని చుట్టూ తిరిగి చూడండి. నాలుగో సింహం ఎక్కడుందని అడిగితే సినిమా పోలీసు చెప్పే జవాబు మన పిల్లలందరికీ నోటికి వచ్చు. అసలు నాలుగో సింహం అక్కడ వెనకాల కూర్చుని ఉంటుంది, అంతే. కాగితం మీద ఎదుటి నుంచి గీస్తే కనబడదు.

ఆ సింహాలు వేటాడే సింహాలు కావు. బుద్ధుణ్ణి శాక్యసింహుడు అంటారు. ఆయన బోధను సింహనాదం అంటారు. తొలిసారి బోధ చేసిన చోటు సారనాథ్. నాలుగు దిక్కులకూ వినబడాలని నాలుగు సింహాలు. వాటి నెత్తిన ఒకప్పుడు ఇంకో పెద్ద రాతి చక్రం ఉండేది, ముక్కలు మాత్రం దొరికాయి. అంటే పైన ఉండాల్సింది చక్రం, దాన్ని మోసేవి సింహాలు. మనం చిహ్నంగా తీసుకునేటప్పటికి మోసేవాళ్ళే మిగిలారు. సింహాల కాళ్ళ కింద గుండ్రటి పీట చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం, వాటి మధ్య ఇరవై నాలుగు ఆకుల చక్రాలు. ఆ నాలుగు జంతువుల అర్థం మీద పండితులు ఒక్క మాట మీద లేరు. నాలుగు దిక్కులని కొందరు, బుద్ధుడి జీవితంలో నాలుగు ఘట్టాలని కొందరు. నాకు రెండోది కాస్త లాక్కొచ్చినట్టు అనిపిస్తుంది. ఆ స్తంభం మీద చెక్కిన శాసనం మాత్రం స్పష్టంగా ఉంది: సంఘాన్ని చీల్చిన భిక్షువుకో భిక్షుణికో తెల్లబట్టలు కట్టించి వెలుపల ఉంచాలి. మన రాజముద్ర కింద ఉన్న అసలు రాత ఇదని చాలామందికి తెలియదు.

స్వాతంత్ర్యం దగ్గరపడేసరికి దేశానికి గుర్తు కావాలి. హిందూ గుర్తు పెడితే ఒకరికి, మొగలుల గుర్తు పెడితే ఇంకొకరికి కష్టం. సంస్థానాల గుర్తులు ఐదొందల చిల్లర. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందటి అశోకుడు అప్పుడు ఎవరికీ శత్రువు కాదు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ జెండా ఖాయం చేసినప్పుడే చరఖా బదులు సారనాథ్ చక్రం వచ్చింది. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించిన నాటి నుంచీ రాట్నమే కదా ఉన్నది. మరి ఎందుకు మార్చారంటే నెహ్రూ సభలో చెప్పిన కారణం ప్రింటరు చెప్పే కారణంలాగే ఉంటుంది: రాట్నానికి ఒక వైపు చక్రం, ఇంకో వైపు కదురు. జెండాకు అటు నుంచి చూస్తే తిరగబడుతుంది. చక్రం ఒక్కటే ఉంటే ఎటు నుంచి చూసినా ఒకటే.

సింహాలు 1947 డిసెంబరు 15న తపాలా బిళ్ళ మీదికొచ్చాయి. 1949లో రూపాయి నోటు మీద బ్రిటిష్ రాజు బొమ్మ ఉన్న చోట కూర్చున్నాయి (ముందు గాంధీ బొమ్మ అనుకున్నారు, చివరికి సింహాలకే మొగ్గారు). 1950 జనవరి 26న అధికారిక చిహ్నం అయ్యాయి, ఆ ఆగస్టు 15 నుంచి నాణేల మీదా రాజు తల పోయి ఇవే వచ్చాయి. రాజ్యాంగం అసలు ప్రతిని నందలాల్ బోస్ బృందం శాంతినికేతన్‌లో అలంకరించింది. అందులో సింహాలు వేసినది దీనానాథ్ భార్గవ అనే కుర్ర విద్యార్థి. కలకత్తా జూకి వెళ్ళి సింహాలు ఎలా కూర్చుంటాయో, ఎలా చూస్తాయో గమనించి వేశానని ఆయన తర్వాత చెప్పారు.

రాతిలో ఉన్నదంతా చిహ్నంలో లేదు. కింద బోర్లించిన తామర లాంటి గంట తీసేశారు. మధ్యలో చక్రం, మన కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం, చివర్ల రెండు చక్రాల అంచులు. కింద దేవనాగరిలో ‘సత్యమేవ జయతే’, ముండకోపనిషత్తు మాట. ఆ మాట లేకపోతే చిహ్నం అసంపూర్ణం, ఇది చాలామంది డిజైనర్లకు తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో సగం వాటికి ఆ మాట ఉండదు.

ఎద్దు, గుర్రం సంగతి నాకు బాగా గుర్తుండడానికి కారణం ఉంది. ఫిల్ములు అతికించే రోజుల్లో ఒక ఆఫీసు కవర్ల ఆర్డరు వచ్చింది. సింహాల ఫిల్ము ముక్క వేరు, కింద అక్షరాల ముక్క వేరు. మా కుర్రాడు సింహాల ముక్కను బోర్లా అతికించాడు. సింహాలు ఎటు తిప్పినా సింహాల్లాగే ఉంటాయి, నేనూ ప్రూఫ్ చూసి సరే అన్నాను. ఐదు వేల కవర్లు పడ్డాక ఆ ఆఫీసు రికార్డు గుమాస్తా, ఇంక ఆర్నెల్లలో రిటైరయ్యే పెద్దాయన, కవరు చేత్తో పట్టుకుని “ఎద్దు ఇటు రావాలి కదయ్యా” అన్నారు. ఖర్చు మొత్తం నా నెత్తిన పడింది. అప్పటి నుంచి ఎక్కడ మూడు సింహాలు కనబడినా ముందు కాళ్ళ కిందకే చూస్తాను.

యూరప్‌లో మాటలే అసలు, బొమ్మ చిత్రకారుడి ఇష్టం అన్నాను కదా. మనది తలకిందులు. చట్టానికి బొమ్మే జతచేసి ఉంది, దాన్నే అనుసరించాలి. 2022 జూలైలో కొత్త పార్లమెంటు మీద తొమ్మిదిన్నర వేల కిలోల కంచు సింహాలు ఆవిష్కరించినప్పుడు ‘మొహాలు కోపంగా ఉన్నాయి’ అని గొడవ లేవడానికి మూలం అదే. సుప్రీంకోర్టు చట్ట ఉల్లంఘనేమీ లేదని తోసిపుచ్చింది. కింద నుంచి పైకి చూస్తే ఏ సింహమైనా కాస్త కోపంగానే కనబడుతుందన్నది నా అభిప్రాయం, కానీ సారనాథ్‌ రాయి ముందు నిలబడినప్పుడు కలిగే ప్రశాంతత దీని దగ్గర కలగదన్న మాటా నిజమే.

కాబట్టి సూటిగా చెప్పాలంటే మనది కోట్ ఆఫ్ ఆర్మ్స్ కాదు. డాలు లేదు, శిరస్త్రాణం లేదు, ఆయుధం అసలే లేదు. కళింగ యుద్ధం తర్వాత బాధపడిన రాజు వేయించిన స్తంభం నుంచి తీసుకున్న దాన్ని ఆయుధాల కోటు అనడం కూడా బాగుండదు. చట్టంలో ‘స్టేట్ ఎంబ్లమ్’ అనే ఉంది. తెలుగులో రాజముద్ర అంటే సరిపోతుంది.

ఇరుగుపొరుగు వాళ్ళవి చూస్తే ఇంకా సరదాగా ఉంటుంది. ఇండోనేషియా వాళ్ళ గరుత్మంతుడి ఈకలు లెక్కపెట్టండి: ఒక్కో రెక్కకు 17, తోకకు 8, డాలు కింద 19, మెడ మీద 45. స్వాతంత్ర్యం ప్రకటించిన తేదీ, 17-8-1945. దాన్ని రూపొందించిన సుల్తాన్ రెండో హమీద్‌ను తర్వాత ఆ దేశమే కుట్ర కేసులో జైల్లో పెట్టింది, గరుత్మంతుడు మాత్రం గోడ మీదే ఉన్నాడు. పాకిస్తాన్ చిహ్నంలో డాలు నాలుగు గళ్ళు: పత్తి, గోధుమ, తేయాకు, జనుము. 1954లో పెట్టుకున్నారు. జనుము, తేయాకు తూర్పు పాకిస్తాన్ పంటలు. 1971లో ఆ నేల బంగ్లాదేశ్ అయిపోయింది, పంటలు డాలు మీద అలాగే ఉన్నాయి. ఇంగ్లండ్ రాజుల ఫ్రెంచి పూలు గుర్తొచ్చాయా? నేపాల్ 2006లో రాజు గుర్తులు తీసేసి ఎవరెస్టు, ఆడా మగా చేతులు కలిపిన బొమ్మ, దేశపటం పెట్టుకుంది. ‘జననీ జన్మభూమిశ్చ’ సూక్తి మాత్రం ఉంచింది. 2020లో మన దేశంతో సరిహద్దు తగువు వచ్చినప్పుడు రాజ్యాంగాన్ని సవరించి మరీ చిహ్నంలోని ఆ చిన్న పటాన్ని మార్చారు. అంత చిన్న బొమ్మ కోసం అంత పనా అంటే, సంతకంలో అక్షరం మారితే ఊరుకుంటామా?

కమ్యూనిస్టు దేశాలు డాలును రాజుల వ్యవహారమని పక్కన పెట్టి గోధుమ కంకులు, ఉదయించే సూర్యుడు, యంత్రాల పళ్ళచక్రం తెచ్చాయి. సోవియట్ చిహ్నం కంకులకు చుట్టిన రిబ్బన్ల మీద నినాదం రిపబ్లిక్కుల భాషల్లో ఉండేది. దేశం మారిన కొద్దీ రిబ్బన్లు మారేవి. ఒక దశలో పదహారు, 1956లో ఒక రిపబ్లిక్ హోదా తగ్గించాక పదిహేను. జనం ఆగ్రహం కూడా ముందు ఇలాంటి చిహ్నాల మీదే పడింది. 1956లో హంగరీలో, 1989 డిసెంబరులో రొమేనియాలో జెండా తగలబెట్టలేదు. మధ్యలో ఉన్న చిహ్నాన్ని మాత్రం కత్తెరతో గుండ్రంగా కోసేసి, ఆ చిల్లు జెండాలతో వీధుల్లోకి వచ్చారు. జెండా మాది, ముద్ర మీది అని ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

మన రెండు రాష్ట్రాల సంగతి క్లుప్తంగా. తెలంగాణ చిహ్నం 2014 జూన్ 2 నుంచి: కాకతీయ కళాతోరణం, లోపల చార్మినార్, పైన సింహాలు, వేసింది ఏలె లక్ష్మణ్. 2024లో దాన్ని మార్చాలని చూస్తే పెద్ద రభస జరిగి విడుదల వాయిదా పడింది. ఆంధ్రప్రదేశ్‌ది 2018లో అమరావతి శిల్పం ఆధారంగా మార్చారు, ధర్మచక్రం మధ్యలో పూర్ణఘటం. ఈ ఘటం మన ఒక్కరిదే అనుకోకండి. శ్రీలంక జాతీయ చిహ్నం అడుగున కూడా పూర్ణఘటమే, అందులోంచి వరికంకులు పైకి లేస్తాయి. కృష్ణ ఒడ్డుకీ ఆ దీవికీ బౌద్ధం రాకపోకలు ఎంత పాతవో ఆ రెండు కుండలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక మీ లెటర్‌హెడ్. రాజముద్ర దుర్వినియోగాన్ని అడ్డుకునే 2005 చట్టం, 2007 నియమాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. రిజిస్టరైనా కాకపోయినా ఏ సంఘమూ లెటర్‌హెడ్, బ్రోచర్, బ్యాడ్జి మీద రాజముద్ర వేయకూడదు. ఎన్‌జీవోలకు లేదు. అనుమతి లేని పంచాయతీకీ లేదు. మాజీ మంత్రి, మాజీ ఎంపీ, మాజీ ఎమ్మెల్యే, రిటైరైన జడ్జి, రిటైరైన అధికారి ఎవరికీ లేదు. వేసుకునే హక్కున్నవాళ్ళు కూడా విజిటింగ్ కార్డు మీద ముద్రతో పాటు పేరు పక్కన అడ్వకేట్ అనో చార్టర్డ్ అకౌంటెంట్ అనో వేయకూడదు. తప్పితే రెండేళ్ళ దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. “అందరూ వేసుకుంటున్నారు కదండీ” అని ఒక మాజీ ప్రజాప్రతినిధి గారు నా కౌంటరు దగ్గర అరగంట కూర్చున్నారు ఒకసారి. టీ తాగించి పంపాను, ఆయన పక్క వీధిలో వేయించుకున్నారు. మీరు అలా చేయకండి. మీ సంఘం కలెక్టరేట్‌కి అర్జీ పెట్టినప్పుడు ఆ సింహాలే మీకు తలనొప్పి అవుతాయి.

దాని బదులు మీ కాలనీకే ఒక గుర్తు వేయించుకోండి. గేటు దగ్గర పెద్ద రావిచెట్టు ఉందని రాశారు. చాలు. చెట్టు మొత్తం వద్దు, ఒక్క ఆకు తీసుకోండి, రావి ఆకు ఎవరైనా గుర్తుపడతారు. ఒకే రంగులో గీయించండి. గీయించాక ముందు రబ్బరు స్టాంపు సైజుకి, అంటే బొటనవేలి గోరంతకు తగ్గించి ప్రింటు తీసి చూడండి. ఈనెలు కలిసిపోయి మచ్చలాగా పడితే సగం ఈనెలు తీసేయమనండి. తర్వాత జిరాక్స్‌కి జిరాక్స్ తీసి మళ్ళీ చూడండి. అప్పటికీ ఆకు ఆకులాగే కనబడితే ప్లేటు వేయించండి.